ఇల్లు ఖాళీ చేయించే దావా ఏ కోర్టుది?

అమెరికాలో అద్దె ఇల్లు ఖాళీ చేయించే దావా రాష్ట్ర కోర్టులో పడుతుంది. అద్దె చట్టాలు రాష్ట్రాలవి. తీర్పిచ్చే జడ్జి రాష్ట్రపు జడ్జి. ఆ తీర్పు పట్టుకొని తలుపు దగ్గరికి వచ్చేది చాలాచోట్ల కౌంటీ షెరీఫ్. అయినా దావా పడ్డ అద్దెదారు ఒక నోటీసు దాఖలు చేసి ఆ కేసును ఫెడరల్ కోర్టుకు తరలించవచ్చు. ముందుగా ఏ జడ్జి అనుమతీ అక్కర్లేదు. నోటీసు నకలు రాష్ట్ర కోర్టులో దాఖలైతే చాలు, అక్కడ విచారణ నిలిచిపోతుంది. అలా వెళ్లిన ఖాళీ దావాల్లో దాదాపు అన్నీ కొద్ది రోజుల్లోనో వారాల్లోనో తిరిగి వస్తాయి. ఈ కేసు మీద మాకు అధికార పరిధి లేదని ఫెడరల్ జడ్జి రెండు మూడు పేజీల ఆర్డర్ రాసి వెనక్కి పంపుతాడు.

ఈ రాకపోకల మీద వాదించుకున్న ఇద్దరూ లాస్ ఏంజెలెస్‌లో లాయర్లే. బాబాయి ఏళ్ల తరబడి ఇంటి యజమానుల తరఫున దావాలు నడిపి ఇప్పుడు ప్రాక్టీసు మానేశాడు. ఆయన అన్నగారి అమ్మాయి ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో అద్దెదారుల కేసులు చూస్తుంది. నా మొగ్గు అమ్మాయి వైపే. బాబాయి అన్నవాటిలో కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు. వాటినీ ఆయన అన్నట్టే రాశాను.

బాబాయి: ముందు ఒక సంగతి సూటిగా చెప్పు తల్లీ. ఇలా తరలించిన ఖాళీ దావాలో అద్దెదారు గెలవడం నువ్వు ఎప్పుడైనా చూశావా?

అమ్మాయి: ఫెడరల్ కోర్టులో గెలవడం చూడలేదు బాబాయ్. ఇంట్లో ఇంకో మూడు వారాలు ఉండగలగడం చూశాను. ఆ మూడు వారాల్లో పిల్లల బడి సంవత్సరం అయిపోయింది, కొత్త ఇంటికి డిపాజిట్ సమకూరింది.

బాబాయి: దాన్ని గెలుపంటావా?

అమ్మాయి: అనను. కాని కాలిఫోర్నియాలో అద్దె బకాయి కేసు మూడు రోజుల నోటీసుతో మొదలవుతుంది. దావా కాగితాలు అందాక జవాబు వేయడానికి మొన్నమొన్నటి దాకా ఐదు రోజులే గడువు. 2025 జనవరి నుంచి పది రోజులు చేశారు. విచారణ కోరితే ఇరవై రోజుల్లో జరపాలి. ఒక కంపెనీ ఇంకో కంపెనీ మీద వేసిన దావా ఏళ్లు నడుస్తుంది. మనిషి తలదాచుకునే చోటు పోయే దావా మాత్రం వారాల్లో తేలిపోవాలట. ఆ వేగానికి బెదిరినవాళ్లు కనపడ్డ తలుపల్లా తడతారు.

బాబాయి: ఆ వేగం ఎందుకు పెట్టారో కూడా చెప్పాలి కదా. అద్దె ఆగిపోయినా యజమానికి బ్యాంకు వాయిదా ఆగదు. మనవాళ్లలోనే ఎంతమంది లేరు, డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో రెండో ఇల్లు కొని, వచ్చే అద్దెతోనే లోను కట్టేవాళ్లు? 1972లో లిండ్సే వర్సెస్ నార్మెట్ కేసులో సుప్రీంకోర్టు ఒరెగాన్ రాష్ట్రపు సత్వర విచారణ పద్ధతిని పరిశీలించి, అది రాజ్యాంగానికి విరుద్ధం కాదని చెప్పింది.

అమ్మాయి: అదే తీర్పులో, అద్దెదారు అప్పీలుకు పోవాలంటే అప్పీలు కాలపు అద్దెకు రెట్టింపు పూచీ కట్టాలన్న నిబంధనను కొట్టేసింది కూడా. మిగతా ప్రతివాదులకు లేని భారం అద్దెదారుకు మాత్రం ఎందుకని అడిగింది. సగం తీర్పే చెబితే ఎలా బాబాయ్?

బాబాయి: సరే, ఆ సగం నీదే. నేను చూసినది చెబుతాను విను. ఈ తరలింపు నోటీసులు వేసేవాళ్లలో చాలామందికి లాయరే ఉండడు. మరి ఎవరు రాసిచ్చారు? డబ్బు తీసుకొని ఫారం నింపి, దీంతో కేసు ఆగిపోతుందని చెప్పి కనపడకుండా పోయేవాళ్లు రాసిచ్చారు. ఖాళీ దావాల్లో డబ్బు తీసుకొని సాయం చేసేవాళ్లు లాయర్లు కాకపోతే కౌంటీలో పేరు నమోదు చేసుకొని పూచీకత్తు పెట్టాలని కాలిఫోర్నియాలో చట్టమే ఉంది. ఆ మోసం అంత పాతది. ఫెడరల్ కోర్టు ఫీజు 405 డాలర్లు. పేదరికం చూపిస్తే మాఫీ కావచ్చు. కేసు ఆగుతుంది, నిజమే. కాని తిరిగి వచ్చిన రోజు ఆగినచోటి నుంచే కదులుతుంది. ఈలోగా ఆ మనిషి రాష్ట్ర కోర్టులో వేయాల్సిన జవాబు సంగతి మరిచిపోయి ఉంటాడు. జవాబు లేదు కాబట్టి వాది అడిగిన తీర్పు వాదికి వచ్చేస్తుంది. తరలింపుకు తగిన ఆధారమే లేదని ఫెడరల్ జడ్జికి అనిపిస్తే అవతలి లాయర్ ఫీజు కూడా ఇతనే కట్టాల్సి రావచ్చు. మళ్లీ మళ్లీ తరలిస్తే, అనుమతి లేకుండా ఇక ఏ కాగితమూ వేయరాదన్న ఆంక్ష పడవచ్చు. మూడు వారాలకు ఇంత వెల కడుతున్నాడు.

అమ్మాయి: ఆ ఫారాలు అమ్మేవాళ్ల మీద మీకంటే నాకే ఎక్కువ కోపం. వాళ్ల చేతిలో పడ్డవాళ్లు చివరికి మా దగ్గరికే వస్తారు, తలుపుకు షెరీఫ్ నోటీసు అంటించాక. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. కాని మోసగాళ్లు ఉన్నారు కాబట్టి ఆ తలుపు తట్టినవాళ్లకు అసలు హక్కే లేదనకండి.

బాబాయి: హక్కు లేదనడం లేదు. దాన్ని వినాల్సిన కోర్టు అది కాదంటున్నాను. దానికి వందేళ్లు దాటిన రైలు పాసుల కేసే ఆధారం.

ఆ కేసు అమెరికాలో లా చదివినవాళ్లందరికీ తెలుసు. బయటివాళ్లకు అంతగా తెలియదు. ఇల్లు ఖాళీ దావాల గతిని ఈనాటికీ అదే నిర్ణయిస్తోంది కాబట్టి ఆయన చెప్పినంతా రాస్తున్నాను.

బాబాయి: మాట్లీ దంపతులు 1871లో రైలు ప్రమాదంలో గాయపడ్డారు. పరిహారం అడగనందుకు లూయీవిల్ అండ్ నాష్‌విల్ రైల్వే వాళ్లకు బతికున్నంత కాలం ఉచితంగా ప్రయాణించే పాసులిచ్చింది. 1906లో కాంగ్రెస్ రైల్వేలు ఉచిత పాసులు ఇవ్వకూడదని చట్టం చేసింది. దాన్ని చూపించి మరుసటి ఏడు రైల్వే పాసులు ఆపేసింది. దంపతులు ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. రైల్వే మాట తప్పింది, ఆ కొత్త చట్టం మాకు వర్తించదు, వర్తిస్తుందంటే అది రాజ్యాంగ విరుద్ధం అన్నారు. కింది కోర్టులో గెలిచారు. సుప్రీంకోర్టులో పరిధి ప్రశ్న రెండు పక్షాల్లో ఎవరూ ఎత్తలేదు, కోర్టే ఎత్తింది. 1908లో ఏమందంటే, మీ దావా సారం ఒప్పందం తప్పడం, అది రాష్ట్ర చట్టం. ఫెడరల్ చట్టం అన్నది రైల్వే తన రక్షణకు చెప్పబోయే మాట. అవతలివాళ్ల జవాబును ముందే ఊహించి దావాలో రాసుకున్నంత మాత్రాన అది ఫెడరల్ దావా అయిపోదు. వాది తన హక్కు కోసం తప్పనిసరిగా చెప్పుకోవాల్సిన దానిలోనే ఫెడరల్ చట్టం ఉండాలి.

అమ్మాయి: తర్వాత జరిగింది కూడా చెప్పండి. వాళ్లు కెంటకీ రాష్ట్ర కోర్టులో మళ్లీ మొదటి నుంచి దావా వేశారు. అక్కడా గెలిచారు. 1911లో అదే ఫెడరల్ ప్రశ్న అదే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది, ఓడిపోయారు. చుట్టూ తిరిగి వచ్చి అదే గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లకు పోయింది రైలు పాసులు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు అంత తిరిగే వ్యవధి ఎక్కడుంది?

బాబాయి: ఆ నియమాన్ని ఖాళీ దావాకు పెట్టి చూడు. యజమాని రాసేది ఏమిటి? ఇల్లు నాది, అద్దె రాలేదు లేదా గడువు తీరింది, నోటీసు ఇచ్చాను. అంతా రాష్ట్ర చట్టమే. అద్దెదారు చెప్పే ఫెడరల్ మాట ఏదైనా రక్షణ కిందికే వస్తుంది. ఎదురు దావా వేసి అందులో ఫెడరల్ చట్టం పెట్టినా లాభం లేదని 2009లో వేడెన్ కేసులో తేల్చేశారు. ఇక వాది ప్రతివాదులు వేర్వేరు రాష్ట్రాల పౌరులైతే, వివాదం 75,000 డాలర్లు దాటితే ఇంకో దారి ఉంది. అందులోనూ ప్రతివాది తన సొంత రాష్ట్రంలో పడ్డ దావాను ఆ దారిన తరలించకూడదు. అద్దెదారు ఉండేది ఆ ఇంట్లోనే, ఆ రాష్ట్రంలోనే.

అమ్మాయి: హెచ్‌ వన్ బీ వీసా మీద ఉన్న మన పిల్లలు ఏ రాష్ట్ర పౌరులూ కారు, భారత పౌరులు. యజమాని అమెరికా పౌరుడైతే ఆ సొంత రాష్ట్రం అడ్డు వాళ్లకు వర్తించదు.

బాబాయి: మంచి పట్టే పట్టావు. 75,000 ఎలా దాటిస్తావు మరి? రెండు మూడు నెలల అద్దె బకాయికి దావా. కాలిఫోర్నియాలో అయితే వాది మొదటి పేజీలోనే 35,000కు మించదని రాసేస్తాడు.

అమ్మాయి: దాటదు, ఒప్పుకుంటాను. నా వాదం డబ్బు మీద కాదు. 2008 తర్వాత ఏం జరిగిందో మీరే కోర్టు గదుల్లో చూశారు. నెలనెలా అద్దె కట్టినవాళ్లు, ఆ డబ్బు తీసుకున్న యజమాని బ్యాంకుకు కట్టడం లేదని తెలియనివాళ్లు. ఇల్లు వేలంలో పోయింది. దక్కించుకున్న బ్యాంకు వీళ్లను పొమ్మంది. అప్పుడు 2009లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. వేలంలో కొన్నవాళ్లు నిజమైన అద్దెదారుకు కనీసం 90 రోజుల నోటీసు ఇవ్వాలి. అగ్రిమెంటు ఉంటే దాని గడువు దాకా ఉండనివ్వాలి, ఇంటిని తన సొంత కాపురానికే వాడుకునేవాడు కొంటే తప్ప. 2014 చివర ఆ చట్టం గడువు తీరిపోయింది. 2018లో తిరిగి తెచ్చి శాశ్వతం చేశారు. మరి ఆ హక్కు పట్టుకొని అద్దెదారు ఎక్కడికి పోవాలి? 2013లో లోగన్ వర్సెస్ యూఎస్ బ్యాంక్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఈ చట్టం కింద దావా వేసే హక్కు అద్దెదారుకు లేదంది. దావా పడ్డాక తరలిస్తే, ఇది రక్షణే కాబట్టి కుదరదంటారు. ముందు పోతే వద్దు, తర్వాత పోతే వద్దు. కేసును వెనక్కి పంపిన ఆర్డర్ తప్పని మనకు అనిపించినా, పరిధి లేదని పంపితే దాని మీద అప్పీలు లేదు. కాంగ్రెస్ ఇచ్చిన హక్కును కాంగ్రెస్ నెలకొల్పిన డిస్ట్రిక్ట్ కోర్టు ఒక్కసారి కూడా విననంటోంది. దీన్ని సక్రమం అని ఎలా అనుకోమంటారు?

బాబాయి: రాష్ట్ర జడ్జి వింటాడు. ఫెడరల్ చట్టానికి ప్రతి రాష్ట్రంలోని జడ్జీ కట్టుబడి ఉండాలని రాజ్యాంగం ఆరో అధికరణంలోనే ఉంది. ఈ ఏర్పాటు మొదటి నుంచీ ఉన్నదే.

అమ్మాయి: మొదటి నుంచీ కాదు. 1875 చట్టం కింద, తన రక్షణలో ఫెడరల్ ప్రశ్న ఉందని ప్రతివాది కేసు తరలించుకోగలిగేవాడు. ఎక్కువగా వాడుకున్నది రైల్వే కంపెనీలు. 1887లో కాంగ్రెస్ ఆ చట్టాన్ని బిగించింది. 1894లో సుప్రీంకోర్టు దానికి, రక్షణలో ఫెడరల్ చట్టం ఉంటే చాలదని అర్థం చెప్పింది. 1969లో అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ పెద్దలు కూర్చొని, ఫెడరల్ రక్షణ ఉన్న ప్రతివాదికి తరలించే హక్కు తిరిగి ఇవ్వాలని సిఫారసు చేశారు. అంటే నేను అడుగుతున్నది వింత కోరిక కాదు.

బాబాయి: కాంగ్రెస్ ఆ సిఫారసును తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో అంకెలు చూస్తే తెలుస్తుంది. దేశం మొత్తంలో మామూలు ఏడాదికి 36 లక్షల దాకా ఖాళీ దావాలు పడతాయని ప్రిన్స్‌టన్ ఎవిక్షన్ ల్యాబ్ అంచనా. ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులు 94. జడ్జీల పదవులు 700 లోపు. అందులో చిన్న వంతు వచ్చినా క్రిమినల్ కేసుల దగ్గర నుంచి అన్నీ ఆగుతాయి. ఆ కోర్టు అద్దెదారుకు దగ్గరగా కూడా ఉండదు. పల్లె కౌంటీలో ఉండేవాళ్లు వాయిదాకు ఎంత దూరం పోవాలో చూడు. పైగా ఫెడరల్ కోర్టు అద్దెదారుకు మిత్రుడని ఎవరు చెప్పారు నీకు? ఓక్లాండ్‌లో పబ్లిక్ హౌసింగ్‌లో ఉన్న వృద్ధులు, ఇంట్లోవాళ్లో వచ్చినవాళ్లో మత్తుమందులతో పట్టుబడితే తమకు తెలియకపోయినా ఖాళీ చేయిస్తున్నారని, నేరుగా ఫెడరల్ కోర్టుకే వెళ్లారు. కింద గెలిచారు. 2002లో రకర్ కేసులో సుప్రీంకోర్టు ఒక్క అసమ్మతి లేకుండా వాళ్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. నీకు తెలియకపోయినా సరే, ఖాళీ చేయించవచ్చు అని.

అమ్మాయి: ఆ తీర్పు చదివినప్పుడల్లా బాధే. ఇళ్ల సముదాయపు పార్కింగ్ స్థలంలో మనవడు చేసినదానికి కూడా ముసలివాళ్లు బాధ్యులు. అయినా వాళ్ల మాట విన్నారు బాబాయ్. ఏళ్ల తరబడి, మూడు అంచెల్లో విన్నారు. ఓడిపోవడం వేరు, వినకుండా వెనక్కి పంపడం వేరు.

బాబాయి: వినిపించుకోవడానికి రాష్ట్రపు దారి కూడా సుప్రీంకోర్టు దాకా పోతుంది. నార్త్ కరోలినాలో డర్హం హౌసింగ్ అథారిటీ జాయిస్ థార్ప్ మీద వేసిన కేసు చూడు. ఆమె అద్దెదారుల సంఘానికి అధ్యక్షురాలైన మరుసటి రోజే, 1965లో, కారణం చెప్పకుండా నోటీసు ఇచ్చారు. రాష్ట్ర కోర్టులన్నీ ఖాళీ చేయమన్నాయి. ఆమె అక్కడే పోరాడింది. ఈలోగా 1967లో ఫెడరల్ హౌసింగ్ శాఖ, కారణం చెప్పకుండా ఎవరినీ పంపకూడదని సర్క్యులర్ ఇచ్చింది. 1969లో సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్ ఆమెకూ వర్తిస్తుందని తేల్చింది. ఫెడరల్ హక్కు నిలబడింది. దానికి తరలింపు అవసరం పడలేదు.

అమ్మాయి: నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ ఆమె ఇంట్లోనే ఉండగలిగింది కాబట్టే ఆ తీర్పుకు అర్థం ఉంది. స్టేలు దొరికాయి, మంచి లాయర్లు నిలబడ్డారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో స్టే తెచ్చుకోగలిగేది ఎందరు? వాళ్లకు సుప్రీంకోర్టు దాకా పోయే దారి ఉండి ఏం లాభం? షెరీఫ్ వచ్చేటప్పటికి వాళ్లు ఇంకా రాష్ట్ర కోర్టు మొదటి మెట్టు మీదే ఉంటారు.

ఇక్కడ బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన తీసుకున్న ఉదాహరణ ఆయన వాదానికి బలమైనదే, అమ్మాయి దానిలోంచే తన మాటను బిగించింది.

బాబాయి: కోవిడ్ కాలపు కేర్స్ చట్టం తీసుకో. 2020 మార్చిలో వచ్చింది. ఫెడరల్ అండ ఉన్న ఇళ్లలో అద్దె బాకీ మీద ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలంది. దావాల నిషేధం జులైలోనే ముగిసింది, ఈ 30 రోజుల మాటకు మాత్రం గడువు రాయలేదు. అది ఇంకా బతికే ఉందని 2023లో చెప్పింది ఎవరు? కొలరాడో సుప్రీంకోర్టు. రాష్ట్ర కోర్టే ఫెడరల్ చట్టాన్ని అద్దెదారు పక్షాన చదివింది.

అమ్మాయి: కొలరాడో జడ్జీలకు దణ్ణం పెడతాను. కాని పక్క రాష్ట్రం వేరేలా చదవవచ్చు, అదే రాష్ట్రంలో జవాబు వేయలేకపోయినవాళ్లకు ఎవరూ చదివి పెట్టరు. అసలు కిటుకు ఎక్కడుందో చూడండి. ఫెడరల్ అండ అంటే పబ్లిక్ హౌసింగ్ ఒక్కటే కాదు. గృహరుణ సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ కొన్న లోను మీద ఉన్న మామూలు ఇల్లు కూడా అందులోకి వస్తుంది. మీరు చెప్పిన ఫ్రిస్కో ఇల్లు కూడా కావచ్చు. లోను ఎవరి దగ్గరుందో యజమాని వాళ్ల వెబ్‌సైట్‌లో తన వివరాలు పెట్టి చూసుకోగలడు. అద్దెదారు వేరేవాళ్ల లోను వివరాలు ఎక్కడినుంచి తెస్తాడు? తనకు హక్కు ఉందో లేదో తెలుసుకునే వీలే లేనివాణ్ణి, ఆ హక్కును ఐదు రోజుల్లోనో పది రోజుల్లోనో రక్షణగా రాసుకురమ్మంటున్నాం.

బాబాయి: ఈ మాటకు ఎదురు చెప్పలేను. యజమానికే తెలుస్తుంది, యజమానే చెప్పాలి. 2020లో టెక్సస్ సుప్రీంకోర్టు అత్యవసర ఉత్తర్వుతో అదే చేయించింది. ఈ ఇల్లు కేర్స్ చట్టం కిందికి రాదని దావాలోనే ప్రమాణం చేసి రాయాలంది. అక్కడి యజమానులు రాశారు, ఏమీ మునిగిపోలేదు.

అమ్మాయి: దాన్ని అన్ని రాష్ట్రాల్లో శాశ్వతం చేయమంటే మీరు ఒప్పుకుంటారా? వేలం ఇళ్ల చట్టానికి కూడా కలిపి?

బాబాయి: ఒప్పుకుంటాను, రాష్ట్రాలు తమ రూల్స్‌లో రాసుకుంటే. ఫెడరల్ జడ్జి చేతికి ఇవ్వమంటే ఒప్పుకోను. అద్దెదారుకు లాయర్ ఉండాలంటే దానికీ అడ్డు చెప్పను. న్యూయార్క్ నగరం 2017లో, శాన్‌ఫ్రాన్సిస్కో 2018లో ఖాళీ దావాల్లో అద్దెదారుకు లాయర్‌ను ఇచ్చే చట్టాలు చేశాయి. జవాబు సమయానికి పడితే ఈ తరలింపుల్లో చాలావాటికి అవసరమే ఉండదు. అద్దెదారు బకాయి మొత్తం కట్టగలిగితే తీర్పు తర్వాత కూడా ఇల్లు నిలబెట్టే అధికారం కాలిఫోర్నియా జడ్జికి ఉంది. దాన్ని వాడమని అడిగేవాళ్లే తక్కువ.

అమ్మాయి: మా దగ్గరికి సమయానికి వచ్చినవాళ్లకు అడుగుతాం. తరలింపు నోటీసు వేయవద్దని కూడా మేమే చెబుతాం, అది మీకు తెలియాలి. నిలబడదని తెలిసి ఆశ పెట్టడం నా వల్ల కాదు. కాని ఒక కేసు ఊహించండి. యజమాని తప్పుడు ప్రమాణం చేశాడు. జడ్జి ముందు ఆ ఉదయం పెద్ద జాబితా ఉంది, ఆ పేజీ తిప్పలేదు. తీర్పు అయిపోయింది. ఆ ఒక్క మనిషికైనా ఫెడరల్ తలుపు తీయరా?

బాబాయి: ఆ ఒక్క మనిషి ఎవరో తేల్చడానికి మళ్లీ ఒక విచారణ కావాలి. అది ఏ కోర్టులో జరగాలి?

అమ్మాయి: రాష్ట్ర కోర్టులోనే జరగనివ్వండి. ఆ ప్రమాణపత్రం నిజమో కాదో సాక్ష్యం తీసుకొని తేల్చేదాకా షెరీఫ్ ఆ ఇంటి దగ్గరికి రాకూడదని కాంగ్రెస్ ఆ రెండు చట్టాల్లోనూ ఒక వాక్యం రాయాలి.

బాబాయి: ఆ వాక్యం పెడితే ఇంటి యజమానుల సంఘాలు గట్టిగా ఎదిరిస్తాయి.

అమ్మాయి: తెలుసు. వాళ్ల తరఫున అంతకాలం నిలబడ్డ లాయర్ ఒకాయన కాంగ్రెస్ కమిటీ ముందుకు వచ్చి, యజమానికే తెలుస్తుంది, యజమానే చెప్పాలి అని నాతో అన్న మాట అక్కడ కూడా అంటే చాలు. వస్తారా బాబాయ్?

బాబాయి: ముందు ఆ వాక్యం రాసి తీసుకురా. చదివాక చెబుతాను.